మా స్టేషన్‌లోని ఏకైక ఫుల్‌టైమ్ ఉద్యోగి, పేజర్ గారికి

మహారాజశ్రీ పేజర్ గారికి,

నిప్పంటుకున్నా, ఎవరికైనా ప్రాణం మీదికొచ్చినా కూతపెట్టి మమ్మల్ని పిలిచే చిన్న రేడియో పెట్టె అయిన మిమ్మల్ని నడుముకు తగిలించుకుని తిరిగే ఒక వాలంటీర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మీరు నోరు తెరిచారంటే ఎక్కడో ఎవరికో కుశలం తప్పినట్టే కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

ముందుగా అభినందనలు. అమెరికాలోని మా పల్లెటూరి వాలంటీర్ ఫైర్ స్టేషన్‌లో ఇరవైనాలుగు గంటలూ డ్యూటీలో ఉండేది మీరొక్కరే. మాలో ఒకరు ట్రాక్టర్ మీద ఉంటారు, ఒకరు బడిలో పాఠం చెబుతుంటారు, ఇంకొకరు నైట్ షిఫ్ట్ చేసొచ్చి అప్పుడే కళ్లు మూస్తారు. స్టేషన్‌లో ఇంజిన్ ఉంటుంది, అంబులెన్స్ ఉంటుంది, గోడకు వరసగా కోట్లు, వాటి కింద బూట్లు ఉంటాయి. మనుషులే ఉండరు. ఈ సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు. బయట లైటు వెలుగుతోంది కదా, లోపల నలుగురు పేకాడుకుంటూ పిలుపు కోసం కాచుకుని ఉంటారని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇన్నాళ్లుగా నిలబెట్టుకొస్తున్నది మీరే. మీ జీతమా, అప్పుడప్పుడూ ఒక బ్యాటరీ. మా జీతం కంటే అదే నయం.

మీ ప్రతిభ గురించి రెండు మాటలు. కంట్రోల్ రూమ్ వాళ్లు రెండు స్వరాలు ఒకదాని వెంట ఒకటి పంపుతారు. ఆ జత మా స్టేషన్‌దైతే గొంతు విప్పుతారు, పక్క స్టేషన్‌దైతే నోరు మెదపరు. ఇంత శ్రుతిజ్ఞానం మహా విద్వాంసులకైనా ఉంటుందో లేదో. కచేరీ ముహూర్తాల దగ్గరే మీతో పేచీ. తలకు షాంపూ పట్టించుకున్న సంగతి మీకెలా తెలుస్తుంది? అందరం కలిసి ఫొటో దిగుదామని కూర్చున్న కబురు మీకెవరు మోస్తారు? పైగా లేపే తీరొకటి! గాఢనిద్రలో ఉన్న మనిషిని ఒక్క అరుపుతో లేపి, చీకట్లో ప్యాంటు వెతికించి, పరుగెత్తిస్తారు. అమెరికాలో డ్యూటీలో ఉండగా చనిపోయే ఫైర్‌ఫైటర్లను ఏళ్లుగా ఎక్కువగా బలితీసుకుంటున్నది మంట కాదు, గుండెపోటు. దానికి మీరొక్కరే బాధ్యులని నేననను. మా పొట్టల వాటా కూడా కొంత ఉంది.

రాత్రి రెండు దాటాక మీ కార్యక్రమం ఎలా నడుస్తుందో చూద్దాం. "ఛాతీనొప్పి, డెబ్బై ఏళ్ల పెద్దాయన, ఊరి చివర పొలాల్లో ఇల్లు" అని మొదటి ప్రకటన. తర్వాత నిశ్శబ్దం. ఎవరి ఇళ్లల్లో వాళ్లు పక్కమీద లేచి కూర్చుని అందరూ ఒకటే లెక్క వేస్తుంటారు: మిగతావాళ్లలో ఎవరో ఒకరు వెళ్తారులే. కొన్ని నిమిషాలయ్యాక రెండో ప్రకటన. ఈసారి కంట్రోల్ రూమ్ అమ్మాయి గొంతులో మర్యాద కాస్త పెరుగుతుంది: "అందుబాటులో ఉన్న ఈఎంటీ ఎవరైనా దయచేసి స్పందించగలరు." ఈఎంటీ అంటే అంబులెన్స్‌లో రోగిని చూసుకునే శిక్షణ పొందిన మనిషి. ఈలోగా డ్రైవర్ వచ్చేశాడు. షట్టర్ ఎత్తాడు, అంబులెన్స్ స్టార్ట్ చేశాడు, పైన లైట్లు వేశాడు. రోగి పక్కన కూర్చోవడానికి శిక్షణ ఉన్న మనిషి లేకుండా బండి తీసి లాభం లేదు. స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తూ, ఏదైనా కారు హెడ్‌లైట్లు ఇటు తిరుగుతాయేమోనని రోడ్డు వైపే చూస్తుంటాడు. తిరగకపోతే మూడో ప్రకటన పక్క ఊరి స్టేషన్‌కి వెళ్తుంది. అక్కడ కూడా డ్యూటీలో ఉండేది మీ తమ్ముడే.

ఆ పెద్దాయన గుండె నిజంగానే ఆగిపోయి ఉంటే, ఛాతీ నొక్కేవాళ్లు, షాక్ ఇచ్చేవాళ్లు లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మీకు ఈ టెన్షన్ లేదు. ప్రకటించడంతో మీ పని అయిపోతుంది. మనిషన్నాక పోయేటప్పుడు మోయడానికి నలుగురుండాలంటారు. పోకముందు స్ట్రెచర్ మోయడానికి కూడా నలుగురుంటే బాగుంటుందని ఎవరికీ తట్టదు.

ఇక మంటల సంగతి. వాలంటీర్ దళాల కోసం అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1720 నంబరుతో ఒక ప్రమాణం రాసిపెట్టింది. పల్లె ప్రాంతాల్లో ఆరుగురు మనుషులు 14 నిమిషాల్లో చేరుకోవాలట, అదీ నూటికి 80 సార్లు. బాగానే ఉంది. కానీ ఈ కాలపు సోఫాలు, పరుపులు, కర్టెన్లు అంతా ప్లాస్టిక్ సంతానమే. అలాంటి సామాను నిండిన గదికి నిప్పంటిస్తే ఐదు నిమిషాలలోపే గది గదంతా ఒక్కసారిగా భగ్గుమందని పరీక్షల్లో తేలింది. పాతకాలపు చెక్క, దూది సామానున్న గదికి దాదాపు అరగంట పట్టింది. అంటే మేము ప్రమాణం ప్రకారం, క్రమశిక్షణగా, టైముకి చేరుకునేసరికి ఆ గది పని అయిపోయి ఉంటుంది. పరీక్ష రాసి పాసయ్యాం గానీ ఇల్లే మిగల్లేదు.

ఇల్లు కాలాక బావి తవ్వకూడదని సామెత. ఊరికి దూరంగా ఉన్న ఇళ్ల దగ్గర హైడ్రెంట్లు, అంటే ఫైరింజన్‌కు నీళ్లిచ్చే రోడ్డు పక్క కుళాయిలు, ఉండవు కాబట్టి మాకు ఆ తవ్వకం ఒక్కటే తక్కువ. రోడ్డు పక్కన మడత తొట్టి విప్పి, ట్యాంకర్ నీళ్లు అందులో గుమ్మరించి, ఇంజిన్ ఆ నీళ్లు తోడుతుంటే ట్యాంకర్ మళ్లీ చెరువుకు పరుగెత్తుతుంది. చుట్టకు నిప్పడిగే పెద్దమనిషి కూడా అక్కడికి తప్పకుండా వస్తాడు. ఇప్పుడు ఆయన చేతిలో ఫోన్ ఉంటుంది. వీడియో బాగా రావాలని పైపు తొక్కి మరీ నిలబడతాడు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, నిప్పూ పొగా రెండూ లేకుండా మీరు మాత్రం వస్తారు. ఇరవై కిలోలు దాటే కోటు, హెల్మెట్, గాలి సిలిండర్ తగిలించుకుని వెళ్తే, బ్యాటరీ అయిపోయి కూస్తున్న స్మోక్ డిటెక్టర్ స్వాగతం చెబుతుంది. బ్యాటరీ మార్చి వస్తాం. దీనికీ శిక్షణ ఉంది లెండి. అమెరికాలో ఈఎంటీ కావాలంటే మామూలుగా నూటయాభై గంటల దాకా చదివి పరీక్ష రాయాలి, తర్వాత అది చెల్లుతూ ఉండాలంటే మళ్లీ మళ్లీ క్లాసులు. ఊరికే పనిచేస్తామన్నా ఊరికే రానివ్వరు.

సొంత ఖర్చు కూడా కొత్తదేం కాదు. ఫిలడెల్ఫియాలో 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ వాళ్లు యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నప్పుడే తోలు బకెట్లు, సామాను బయటికి మోసే సంచులు సభ్యులే తెచ్చుకోవాలి. మీటింగుకు రాకపోతే జరిమానా. ఆ జరిమానాలతోనే ఇంజిన్లు, నిచ్చెనలు కొనేవాళ్లు. ఎంత ముందుచూపు! సభ్యులు బాధ్యతగా డుమ్మా కొడితే తప్ప సామాను రాదు. ఇప్పుడు డుమ్మాలున్నాయి, జరిమానాలు లేవు. అందుకని సెలవు రోజుల్లో విందులు పెట్టి, లాటరీ టికెట్లు అమ్మి పైపులు కొనుక్కుంటున్నాం. పోలీసు జీపు టైరు మార్చడానికి ఎవరైనా లాటరీ పెట్టగా మీరు విన్నారా?

అమెరికాలో వాలంటీర్ ఫైర్‌ఫైటర్లు 1984లో 8,97,750 మంది ఉంటే, 2020 నాటికి 6,76,900 మంది మిగిలారు. ఆ మధ్యకాలంలో ఫైర్ డిపార్ట్‌మెంట్లకు వచ్చే పిలుపులు దాదాపు మూడింతలయ్యాయి. అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులు వైద్యసహాయం కోసమే. అయినా ఇక్కడ చాలా రాష్ట్రాల్లో అంబులెన్స్‌ను తప్పనిసరి సేవగా చట్టం గుర్తించలేదు. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ కూడా మామూలుగా రోగిని ఆస్పత్రికి చేరిస్తేనే డబ్బిస్తుంది. కిందపడ్డ ముసలావిడను లేపి కూర్చోబెట్టి, బీపీ చూసి, అరగంట తోడుండి వస్తే అది పుణ్యం ఖాతా.

ఖాతాలు మారిన చోట్లు కూడా లేకపోలేదు. జర్మనీలో వాలంటీర్ ఫైర్‌ఫైటర్లు పది లక్షల దాకా ఉన్నారు. అక్కడ మీ బంధువులు మోగితే యజమాని ఉద్యోగిని వదిలేయాలి, జీతం కోయకూడదు. ప్రైవేటు యజమాని అయితే ఆ మొత్తం మున్సిపాలిటీ తిరిగి కడుతుంది. ఇక్కడ మీరు మోగితే మా సూపర్‌వైజర్ ముందు గడియారం చూస్తాడు, తర్వాత నన్ను చూస్తాడు. ఆయన ఇంటికి మంటలంటుకున్న రోజు మాత్రం గడియారం ఒక్కటే చూస్తాడు.

మాకు గౌరవం లేదని కాదు. ఏటా ఒకరోజు మమ్మల్ని వేదికెక్కించి హీరోలంటారు. కండువా కప్పిన ఆ చేతికే సభ్యత్వ ఫారం ఇస్తే నడుం నొప్పి గుర్తొస్తుంది. కొత్త అంబులెన్స్ అంటే బడ్జెట్ గుర్తొస్తుంది. హీరో అన్న మాటకు మాత్రం బడ్జెట్ అక్కర్లేదు, ఎన్నిసార్లైనా మంజూరు చేస్తారు.

కాబట్టి విన్నవించుకునేది ఏమనగా, తమరు ఒక్క వారం మమ్మల్ని వదిలేసి బడ్జెట్ కమిటీ సభ్యుల నడుములకు వేలాడండి. వాళ్లు రానక్కర్లేదు, ఏమీ మోయనక్కర్లేదు. రెండో ప్రకటన, మూడో ప్రకటన వింటే చాలు. వాల్యూమ్ తగ్గించే మీట ఎక్కడుందో మాత్రం చెప్పకండి. ఇందుకు కమిటీ ఆమోదం కావాలంటే వచ్చే సమావేశంలో పెట్టిస్తాను. పోయినసారి కోరం లేక వాయిదా పడింది, ఈసారి సభ్యులను పిలవడానికి మిమ్మల్నే వాడాలని కార్యదర్శి గారి ఆలోచన.

ఇట్లు,
మొదటి ప్రకటనకు లేచి కూర్చుని, రెండోదానికి బూట్లు వెతుక్కునే
మీ విధేయ వాలంటీర్