ఏకాకి అంటే ఒక కాకి కాదు

బరంపురంలో మా వీధికి నేనొక సమస్యను. నలభై దాటాను, రెండు గదుల ఇల్లు, ఒక్క కంచం. 1936లో మద్రాసు నుంచి తెంపి ఒడిశాలో కలిపిన ఊరు కాబట్టి నాకు బిరుదులు కూడా రెండు భాషల్లో దక్కాయి. ఎదురింటి పిన్నిగారు "ఏకాకి" అంటారు. పక్కింటి మౌసి "ఏకుటియా" అంటుంది. ఇంటాయన మాత్రం "బేచిలర్" అని, అద్దె పెంచాడు.

ఇంత గౌరవం తెచ్చిన మాట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం నా బాధ్యత అనిపించింది.

వీధి చివరి తాతగారి సిద్ధాంతం ఇది: ఏక, కాకి కలిస్తే ఏకాకి. రుజువుగా కరెంటు తీగ మీద ఒంటి కాకిని చూపించారు. ఈలోగా ఎవరో నాలుగు మెతుకులు వేశారు. కాకి ఒక్క అరుపు అరిచింది, బంధువర్గమంతా దిగిపోయింది. అయినా ఆ లెక్కన "ఏకకాకి" కావాలి కదా? మధ్యలో 'క'ను ఏ కాకి ఎత్తుకుపోయిందో తాతగారు చెప్పలేదు.

అసలు సంగతి పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో, 5వ అధ్యాయం 3వ పాదం 52వ సూత్రంలో ఉంది: "ఏకాదాకినిచ్చాసహాయే". "ఏక"కు "ఆకినిచ్" ప్రత్యయం చేరితే ఏకాకి. ఎప్పుడు? "అసహాయే", అంటే సహాయుడు లేనప్పుడు. సంస్కృతంలో సహాయుడంటే వెంట నడిచేవాడు, తోడు. అంతే. జాలిపడమని ఆయన ఎక్కడా అనలేదు. తెలుగులోకి వచ్చేసరికి సహాయమంటే సాయం చెయ్యడమైపోయింది. చిక్కంతా ఇక్కడే. తోడు లేనివాడు కాస్తా సాయం కావలసినవాడయ్యాడు. పాణిని ఒక ప్రత్యయం చేర్చి ఊరుకున్నాడు, మా వీధివాళ్లు ఒక మనిషిని చేర్చందే ఊరుకునేలా లేరు.

మొన్న పిన్నిగారు పర్లాకిమిడి సంబంధం తెచ్చారు. "పిల్ల రెండు భాషలూ గడగడా మాట్లాడుతుంది బాబూ."

"నేను ఒక భాషలో కూడా మాట్లాడను కదండీ."

"అందుకే కదా!"

కోపమొచ్చినప్పుడు ఆవిడే నన్ను "ఒంటికాయ శొంఠికొమ్ము" అంటారు. నాకది తిట్టులా అనిపించదు. శొంఠికొమ్మును డబ్బాలో వేసి మూత పెడతారు, దగ్గొచ్చేదాకా ఎవరూ కదపరు. దానికి సంబంధాలు కూడా చూడరు.

ఇది రాస్తుండగా తలుపు చప్పుడైంది. మౌసి, డాల్మా పప్పు గిన్నెతో. ఆమె వెనక పిన్నిగారు, చేతిలో ఫొటో. ఆ వెనక తాతగారు. నా గుమ్మంలో ఎవరో మెతుకులు వేసినట్టున్నారు.