అజమాయిషీ గారికి ఓ లంక రైతు రాసుకున్న లేఖ

మహారాజశ్రీ అజమాయిషీ గారికి,

గోదావరి లంకలో సర్కారు భూమి కౌలుకు చేసుకుంటున్న రైతు నమస్కరించి రాయునది. మేమంతా క్షేమం. మీ క్షేమం తెలీదు, మిమ్మల్ని చూసి చాలా ఏళ్లయింది.

సర్కారు చేను ఎవరు దున్నుతున్నారు, ఏం వేశారు, కౌలు ఎంత కట్టారు, బాకీ ఎంత అని కళ్లారా చూసి రాయించడం మీ పని. ఒకప్పుడు కరణంగారి వెంట గట్టు మీదికి వచ్చేవారట. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక మీకు కుర్చీ అలవాటైంది. కరణంగారు సత్యహరిశ్చంద్రుడని కాదు. ఆయన అబద్ధం రాసినా చేను చూసి రాసేవాడు.

మీ అడంగల్‌లో, అదే ఊరి సాగు లెక్కల పుస్తకంలో, మా చేను రెండెకరాలు. సాగుదారు మా తాతగారు, పైరు పొగాకు. చిన్న చిన్న తేడాలున్నాయి లెండి. తాతగారు పోయి పంతొమ్మిదేళ్లయింది. పొగాకు మానేసి అరటి వేసి పన్నెండేళ్లు. రెండెకరాల్లో ముప్పావు ఎకరం గోదారి కోసుకుపోయింది. అయినా రెండెకరాలకీ కౌలు కడుతున్నాం, రసీదు తాతగారి పేరునే వస్తోంది. అంటే మీ లెక్కలో ఆయన ఏటి అడుగున పొగాకు పండిస్తున్నాడు. బతికుండగా ఇంత కష్టపడలేదు పాపం.

మీకంటే గోదారే నయం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే, ఆవిడ మా చేలోకి వచ్చేసినట్టే. గట్టు గట్టూ తిరుగుతుంది. ఇక్కడ కోత, అవతల మేట. గొలుసు అక్కర్లేదు, సర్వేయరు అక్కర్లేదు, టీఏ బిల్లు పెట్టదు. ఆ మేటలో పక్కూరాయన అప్పుడే కంద నాటాడు. అది మీ పుస్తకంలో ఇంకా ఏరే. కాబట్టి లేని భూమికి మేం కౌలు కడుతున్నాం, ఉన్న భూమికి ఆయన కట్టడం లేదు. ఇలా అనుమతి లేకుండా చేస్తే శివాయిజమా అని రాసి, 1905 నాటి ఆక్రమణల చట్టం కింద బి-మెమో అనే తాఖీదు ఇస్తారుగా. ఇవ్వాలంటే ముందు మీరు రావాలి.

పోనీ మేమే పేరు మార్పించుకుందామని ఆఫీసుకెళ్తే అక్కడ టెన్షన్.

"మీరే చేస్తున్నట్టు కాయితం ఉందా?"

"చేలోకి రండి, చూపిస్తా."

"చేను కాదండీ, కాయితం."

"అది ఇవ్వాల్సింది మీరేగా?"

"అజమాయిషీ జరిగితే ఇస్తాం."

"ఎప్పుడు జరుగుతుంది?"

"మీకెందుకండీ, మీ కౌలు బాకీ లేదుగా. రికార్డు సరిగ్గానే ఉంది."

జమాబందీలో, అంటే ఏటేటా జరిగే ఊరి లెక్కల తనిఖీలో, పైవాళ్లు చూసేదీ ఇదేనేమో. ఈ ఏటి పుస్తకం, పోయినేటి పుస్తకం పక్కపక్కన పెడితే ఒక్క అక్షరం తేడా ఉండదు. భేష్!

జూలై 1న కొత్త ఫసలీ, అదే మీ రెవెన్యూ లెక్కల ఏడాది, మొదలవుతుంది. ఈసారైనా ఓపిక చేసుకుని రండి. రేవు దగ్గర పడవ ఎక్కితే దిగ్గానే అరటితోట కనిపిస్తుంది, అదే మాది. మీ మ్యాపు పట్టుకుని మాత్రం నడవకండి, మునిగిపోతారు.

ఇట్లు,
మీ లెక్కలో ఇంకా పుట్టని సాగుదారు