పదకొండు దాటాక పిల్లల్ని డ్రైవింగ్ అడగకండి

ఇక్కడ న్యూజెర్సీలో మన సంఘం పెట్టిన ఉగాది రాత్రి హైస్కూల్ ఆడిటోరియంలో జరిగింది చివరిదాకా ఉన్నవాళ్ళందరూ చూశారు. ముందే వెళ్ళిపోయినవాళ్ళకి వాట్సాప్ గ్రూపులో కాస్త మసాలా కలిసి చేరింది. అందుకే నాకు తెలిసింది ఒకసారి చెప్పేస్తాను.

ఫ్లయర్‌లో 4:30 అని వేశాం. పంచాంగ శ్రవణం పూర్తయ్యేసరికే 6:30. ఆ తర్వాత ముఖ్య అతిథికి శాలువా, స్పాన్సర్లకి జ్ఞాపికలు, పాత అధ్యక్షులందరూ స్టేజీ మీదికి, ఒక్కొక్కరికీ "రెండే రెండు మాటలు". మన రెండు మాటల పొడవు మనకి తెలుసు. రాఫిల్ (లక్కీ డ్రా) మొదలయ్యేసరికి పదకొండుకి పది నిమిషాలు. మా అమ్మాయి పొద్దున్న తొమ్మిదింటి నుంచీ అక్కడే ఉంది, కుర్చీలు వేసింది, పచ్చడి కప్పుల్లో పోసింది, చిన్నపిల్లల డాన్సులకి వరసలు కట్టించింది. దానికి 17. లైసెన్స్ వచ్చి ఐదు నెలలు.

అప్పుడు కమిటీ పెద్ద ఒకరు వచ్చి, "నువ్వెలాగూ అటే కదమ్మా, ఈ అమ్మమ్మలిద్దర్నీ పిల్లలిద్దర్నీ మన్రో ఊళ్ళో దింపేసి వెళ్ళు, వీళ్ళ వాళ్ళు హాలు సర్దాలి" అన్నారు. మా అమ్మాయి "సారీ అంకుల్, నా కార్లో ఒక్కరినే ఎక్కించుకోవాలి, పదకొండు దాటితే అసలు నడపకూడదు" అంది. అక్కడితో అయిపోవాల్సిన మాట. కానీ రెండు నిమిషాల్లో మైకులో వచ్చింది: "మన పిల్లలు స్పెల్లింగ్ బీ గెలుస్తారు గానీ అమ్మమ్మల్ని ఇంటికి చేర్చమంటే భయపడతారండీ!" హాల్లో మిగిలిన యాభైమందీ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ జోకు కాదు, నా నవ్వు.

ఇంకొకాయన మరీ తెలివిగా, "ఉగాది అంటే దేవుడి కార్యక్రమమే కదా, సంఘం లెటర్‌హెడ్ మీద రాసిచ్చేస్తాం" అన్నారు. ఆయన గాల్లోంచి తీసిన మాట కాదు, ఉద్యోగానికో మతపరమైన కార్యక్రమానికో వెళ్ళొచ్చే పిల్లలకి, సరైన లేఖ ఉంటే, రాత్రి వేళ నిబంధనలో సడలింపు నిజంగానే ఉంది. కానీ జానపద నృత్యాలు, రాఫిల్ టికెట్ల మధ్య దేవుడు ఎక్కడ కూర్చున్నాడో ఆయనే చెప్పాలి. పైగా ఏ లేఖ రాసిచ్చినా కార్లో నలుగుర్ని ఎక్కించుకోవడం కుదరదు.

మర్నాడు గ్రూపులో చర్చ వేరే దారి పట్టింది. పదిహేడేళ్ళకి కారు ఇవ్వడమే తప్పు, వయసు 18 చేయాలి, కాదు 21 చేయాలి అని వరసగా మెసేజులు. అందులో సగం రాత్రి నవ్వినవాళ్ళవే. నడపగూడని వేళకి నడపమని అడిగింది మనం, వయసు పెంచాల్సింది మాత్రం పిల్లలకట.

నిజానికి మన న్యూజెర్సీలో ఉన్నదే దేశంలో అన్నిటికన్నా ఎక్కువ వయసు. 16కి పక్కన పెద్దవాళ్ళుంటేనే నడిపే పర్మిట్, 17కి షరతులతో ఒంటరిగా నడిపే ప్రొబేషనరీ లైసెన్స్, 18 నిండాక పూర్తి లైసెన్స్. సౌత్ డకోటాలో పధ్నాలుగున్నరకే కొన్ని షరతులతో ఒంటరిగా నడపొచ్చు. మన దగ్గర ప్రొబేషనరీ మీద ఉన్నవాళ్ళు రాత్రి 11:01 నుంచి తెల్లవారి 5 దాకా నడపకూడదు, తల్లిదండ్రులు పక్కన లేకపోతే ఒక్కరిని మించి ఎక్కించుకోకూడదు, ఫోను చేతిలోనే కాదు, హ్యాండ్స్ ఫ్రీగా కూడా వాడకూడదు. నంబర్ ప్లేట్లకి ఎర్ర స్టిక్కర్లు పెట్టుకోవాలి. ఆ స్టిక్కర్ల వెనక ఒక అమ్మాయి ఉంది. కైలీ డలెస్సియోకి 16 ఏళ్ళు. 2006 డిసెంబరులో తోటి టీనేజర్ నడుపుతున్న కార్లో వెళుతూ చనిపోయింది. ఆమె పేరుతో వచ్చిన చట్టం 2010 మే నుంచి అమలైంది. అంతకుముందు అర్ధరాత్రి దాకా ఉన్న వేళని పదకొండుకి దించింది అదే. స్టిక్కర్ల వల్ల పిల్లలెవరో అందరికీ తెలిసిపోతుందని కొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. మన పార్కింగ్ లాట్లలో మాత్రం ఆ తీర్పు ఇంకా అందినట్టు లేదు. పదిహేడేళ్ళ పిల్లలు దిగుతున్న కార్లు చూడండి, ఎన్నిటికి స్టిక్కర్లున్నాయో.

మా ఊళ్ళో అయితే ఇవేవీ లేవు. నేను పధ్నాలుగేళ్ళకే నాన్న చేతక్ మీద గుడివాడ బజారంతా తిరిగేవాణ్ణి. ముందు గ్యాస్ సిలిండర్ నిలబెట్టి, కాళ్ళు రెండు పక్కలకీ చాచి, గేరు మారిస్తే ఎక్కడ ఆగిపోతుందోనని రెండో గేరులోనే ఇంటిదాకా. సెంటర్‌లో కానిస్టేబుల్ ఆపి, "మాస్టారి అబ్బాయివి కదూ, నెమ్మదిగా పో" అని పంపించేసేవాడు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడాలి. కానీ రాస్తుంటే నవ్వే వస్తోంది, ఆ స్కూటర్ వాసన కూడా వస్తోంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం గేర్ల బండికి అప్పటికే 18 నిండాలి. 2019 సవరణ తర్వాతైతే మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. మా నాన్నని జైల్లో ఊహించుకోలేను. మా సందులోనే ఇంకో కుర్రాడు, నాకన్నా ఏడాది చిన్నవాడు, లూనా మీద వెళ్ళి తిరిగి రాలేదు. స్కూటర్ కథ నేను పిల్లలకి వందసార్లు చెప్పుంటాను. ఈ కథ ఒక్కసారీ చెప్పలేదు.

వయసు పెంచాలనేవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. మైలుకి మైలు లెక్కేస్తే 16 నుంచి 19 ఏళ్ళ వాళ్ళు నడిపే కార్లకి జరిగే ప్రాణాంతక ప్రమాదాలు ఇరవై దాటినవాళ్ళ కన్నా దాదాపు మూడు రెట్లు. రాత్రిపూట ఇంకా ఎక్కువ, పక్కన స్నేహితులు ఎక్కేకొద్దీ ఇంకా ఎక్కువ. లైసెన్స్ వయసు 17కో 18కో పెంచాలని బీమా కంపెనీల డబ్బుతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ 2008లోనే అడిగింది. ఇది రాష్ట్రాల పని, కేంద్రం చేయలేదు అంటారు గానీ దారి లేకపోలేదు. 1984లో మద్యం వయసు 21 చేయని రాష్ట్రాలకి రోడ్ల నిధులు కోస్తామనేసరికి అందరూ దారికొచ్చారు. ఉగాదికి ముందు నన్నడిగితే నేనూ 18 అనేవాణ్ణి.

ఇప్పుడు అనను. 2011లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటుంది. గట్టి షరతులున్న రాష్ట్రాల్లో పదహారేళ్ళవాళ్ళ ప్రాణాంతక ప్రమాదాలు తగ్గాయి, కానీ పద్దెనిమిదేళ్ళవాళ్ళవి పెరిగాయి. కారణం మీద వాదనలున్నాయి, నాకు తోచింది ఇది. కాలిఫోర్నియాలో 18 నిండేదాకా ఆగితే ఈ షరతులేవీ అంటవు, అందుకని ఆగే పిల్లలున్నారు. వాళ్ళు మొదటి ఏడాది నడిపేది ఏ కట్టుబాటూ లేకుండా. మన దగ్గర 18లో, 19లో మొదలుపెట్టినా షరతులు తప్పవు, అది మన అదృష్టం. కానీ పద్దెనిమిదికి పిల్లలు ఎక్కడుంటారు? కాలేజీ డార్మ్‌లో. పక్క సీట్లో మనం ఉండం.

పోయినేడాది మా అమ్మాయి పక్కన నేను కూర్చున్నాను. 50 గంటలు ప్రాక్టీసు చేయించి లెక్క రాయాలన్నారు, అందులో పది రాత్రిపూట. రూట్ వన్ మీద ఎడమకి తిరగాలంటే కుడివైపు జగ్‌హ్యాండిల్ అనే పక్కదారిలోకి దిగాలని నేర్పడానికే నాలుగు రాత్రులు పట్టింది. ఒకసారి వానలో పార్క్‌వే మీదికి మెర్జ్ అవుతుంటే టెన్షన్‌తో ఇద్దరం ఒకేసారి అరిచాం. తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చాక, "నాన్నా, నువ్వు అరిస్తే నాకు అద్దం కనిపించదు" అంది. ఆ మాట అది మా ఇంట్లో ఉన్న ఏడాదిలోనే నాతో అనగలిగింది. పద్దెనిమిదికి మారిస్తే ఈ ఏడాది పోతుంది.

ఇంకొకటి. ఆ రాత్రి అంతమంది పెద్దల ముందు "నడపను" అనడానికి దానికి ఆసరా ఇచ్చింది చట్టమే. లేకపోతే పదిహేడేళ్ళ పిల్ల పెద్దాయన మాట కాదంటుందా? మనమే పెంచాం కదా, పెద్దలు చెబితే ఎదురు చెప్పకూడదని. పదకొండు గంటలు, ఒక్క మనిషి అనే ఆ రెండు అంకెలే దాని గొంతుకి బలం. దాన్నే మనం మైకులో ఎగతాళి చేశాం. అక్కడ వింటున్న మిగతా పిల్లలు ఈసారి ఏం చేస్తారో నాకు భయంగా ఉంది. ఇంకెవరో "ఓకే అంకుల్" అనేస్తారు.

ఆ రాత్రి మన్రోకి నేనే రెండు ట్రిప్పులు వేశాను. మా అమ్మాయి ముందు సీట్లో నిద్రపోయింది. దాని కారు స్కూల్ పార్కింగ్‌లోనే ఉండిపోయింది. పొద్దున్నే తెచ్చుకోవడానికి వెళ్తే వైపర్ కింద రాఫిల్ టికెట్ వెనక ఎవరో రాసిన చీటీ ఉంది, "సారీ అమ్మా" అని. సంతకం లేదు. ఎవరు రాశారో ఈ పత్రిక చదువుతుంటే, థాంక్సండీ. కానీ ఆ మాట దీపావళి కార్యక్రమంలో అదే మైకులో చెబితే ఇంకా బాగుంటుంది.

కమిటీకి నా మనవి చిన్నదే. ఫ్లయర్‌లో మొదలయ్యే టైముతో పాటు ముగిసే టైము కూడా వేయండి, 9:30 అని. శాలువాలు నాలుగు తగ్గినా ఎవరూ అలగరు, అలిగితే నేను సర్దిచెబుతాను. ఇళ్ళకి దింపే పని పెద్దవాళ్ళకి మాత్రమే ఇచ్చి, పేర్లు ముందే రాసుకోండి. ఎర్ర స్టిక్కరున్న ఏ పిల్లనీ, పిల్లాణ్ణీ ఎవర్నైనా దింపి రమ్మని అడగకండి. మొదటి పేరు నాదే రాసుకోండి. నా వ్యాన్‌లో ఆరుగురు పడతారు.