సియాచిన్ పేరు చెప్పి ముసలావిడ నోరు మూయిస్తారా

ఇందాక అపార్ట్‌మెంట్ మీటింగ్ నుంచి పైకొచ్చా, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. లిఫ్ట్ పాడై చాలా రోజులైంది, నాలుగో ఫ్లోర్ మామ్మగారు మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఎప్పుడు చేయిస్తారు బాబూ అని అడిగింది, అంతే. దానికి సెక్రటరీ గారు "సియాచిన్‌లో మన జవాన్లు మైనస్ 50లో నిలబడుతున్నారమ్మా, మనం నాలుగు మెట్లు ఎక్కలేమా, కావాలంటే మన హవల్దార్ గారినే అడగండి" అని నావైపు చెయ్యి చూపించాడు. కొంతమంది చప్పట్లు కూడా కొట్టారు. ఆవిడ మొహం చిన్నబోయింది.

నన్ను అడగమన్నారు కదా, చెప్తా వినండి. సుఖం లేకపోయినా పర్లేదు అన్న మనిషి అక్కడ నాకు ఒక్కడు కూడా తగల్లేదు.

నేనక్కడ నర్సింగ్ అసిస్టెంట్‌గా ఉన్నా. బేస్ క్యాంపే 12 వేల అడుగులు, పోస్టులైతే 18 వేలు, 20 వేలు. ఆ ఎత్తులో నీళ్ళు 80 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే అన్నం ఉడకదు, పప్పు సంగతి అడగొద్దు. తాగడానికి నీళ్ళు కావాలంటే మంచు తవ్వి స్టవ్ మీద కరిగించుకోవాలి, గిన్నె నిండా పెడితే అడుగున కాసిని వస్తాయి, ఆ నీళ్ళతో టీ పెట్టినా కిరసనాయిలు వాసనే. హట్‌లో బుఖారీ, అంటే గది వెచ్చగా ఉంచే కిరసనాయిలు పొయ్యి, ఆరితే చచ్చామే, అది మండుతుంటే ఆ పొగంతా మన ఊపిరితిత్తుల్లోకే, పొద్దున్నే ఉమ్మితే నల్లగా పడుతుంది. స్నానం అంటే మళ్ళీ కిందకి దిగాకే, పైన ఒక టర్మ్ దాదాపు మూడు నెలలు. అమ్మ పంపిన ఆవకాయ నూనెతో సహా రాయిలా బిగుసుకుపోతే, సీసాని బుఖారీ దగ్గర పెట్టి కరిగేదాకా చుట్టూ కూర్చున్నాం, పంజాబీ వాళ్ళతో సహా.

సాయంత్రమైతే నా పని అందరి పాదాలూ చూడటం. సాక్సులు విప్పించి ఒక్కో వేలూ నొక్కి వదిలితే రంగు తిరిగొస్తుందా లేదా చూడాలి, తెల్లగా అలాగే ఉండిపోయి నొక్కింది కూడా తెలీలేదంటే మంచుకాటేమోనని నా గుండె జారిపోయేది. పాదం నా చేతిలో ఉన్నంతసేపూ ఆ కుర్రాళ్ళు ఏం మాట్లాడేవాళ్ళో తెలుసా? ఒకడికి వాళ్ళమ్మ కాచే వేడినీళ్ళ బకెట్ కావాలి. ఒకడికి ఫ్యాన్ కింద బనీనుతో పడుకోవాలనుంది. ఇంకొకడికి కూతురు గొంతు వినాలి, శాటిలైట్ ఫోన్ దగ్గర వాడి వంతు ఇంకా రాలేదు. మనిషికి కావాల్సింది అదేనండీ, అది చిన్నదని మీకెవరు చెప్పారు? చిన్నదైతే ఆ కాస్త వెచ్చదనం కోసం ఆర్మీ చీతా హెలికాప్టర్లలో కిరసనాయిలు జెర్రీకాన్లు అంత ఎత్తుకి ఎందుకు మోయిస్తుంది? మీరు లిఫ్ట్ మెకానిక్‌కి ఒక ఫోన్ చెయ్యలేకపోయారు.

2016లో నోట్ల రద్దప్పుడూ ఇదే మాట. ఏటీఎం లైన్లో పెద్దాయన నిలబడలేకపోతున్నా అంటే చాలు, బోర్డర్‌లో సైనికుడు నిలబడట్లేదా అని మీద పడిపోయేవాళ్ళు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాచిన్‌లోని సోనమ్ పోస్ట్ మీద మంచు విరిగిపడి 10 మంది పోయారు, అందులో మన కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. ఆ పేరు మీలో ఎంతమందికి గుర్తుంది? 2020లో ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే కాగ్ రిపోర్టు పార్లమెంటుకొచ్చింది, ఎత్తైన చోట్ల ఉన్న దళాలకి మంచు కళ్ళద్దాలూ బూట్లూ సరిపడా లేవు, తిండి కూడా లెక్క ప్రకారం అందట్లేదు అని. అప్పుడు ఈ చప్పట్ల వాళ్ళెవరూ నోరెత్తలేదు. మా గురించి అడగాల్సినప్పుడు అడగరు, ఇంకొకళ్ళని అడగనివ్వకుండా చెయ్యడానికి మాత్రం మా పేరు కావాలి.

సెలవుకి వస్తున్నా అంటే చాలు చుట్టాల ఫోన్లు, "బావా, క్యాంటీన్ బాటిల్ రెండు తెస్తావా" అని. ఎలా ఉన్నావు, వేళ్ళు బాగున్నాయా అని అడిగినవాళ్ళు మా నాన్న, మా మేనత్త, ఇంకెవరూ లేరు.

ఇంకో మాట, ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నేను పైనున్నప్పుడు మా ఆవిడ చంటిపిల్లతో అద్దె ఇల్లు వెతుక్కుంది. అడ్వాన్స్ చేతిలో పట్టుకుని వెళితే ఒక ఓనర్ "మగదిక్కు లేని ఇల్లమ్మా, రేపు ఏదైనా అయితే మా తలకి చుట్టుకుంటుంది" అని గేటు దగ్గర్నుంచే పంపేశాడు. ఆ మగదిక్కు ఎక్కడున్నాడో చెప్పినా సరే. పైనున్నవాడికి ఇంటి దిగులు పెట్టకూడదని ఆవిడ ఫోన్‌లో నాకు ఒక్క ముక్క చెప్పలేదు, సెలవుకొచ్చాక మా చెల్లి ద్వారా తెలిసింది. ఆయన ఈ పక్క వీధిలోనే ఉంటాడు, జై హింద్ హవల్దార్ గారూ అని పలకరిస్తాడు. నేనిప్పటిదాకా తిరిగి పలకలేదు, పలకను కూడా.