మా నానమ్మ నిన్న రాత్రి రక్షణ పొందలేదు

పొద్దున్నే ఫోన్ తెరిస్తే మా ఊరి గుడి, అంటే మా చర్చి, వీడియో. మూడో వరసలో మా నానమ్మ, కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి ఉంది. పైన ఇంగ్లీషులో రాశారు: సువార్త అందని ఒక పల్లెలో ఈ రాత్రి 140 మంది క్రీస్తును అంగీకరించారట, అంటే రక్షణ పొందారట. నాకింకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా నానమ్మకు 84 ఏళ్ళు. బాప్తిస్మం పుచ్చుకుని 60 ఏళ్ళు దాటింది. ఆమె పాటల పుస్తకానికి అట్ట ఊడిపోతే పాత చీర అంచు చింపి కుట్టుకుంది. సగం పాటలకు అసలు పుస్తకమే తెరవదు. పెళ్ళయిన కొత్తల్లో మా తాత కొట్టినా ఆదివారం గుడి మానలేదని ఊరంతా చెప్పుకుంటారు. ఆ మనిషి నిన్న రాత్రి తొమ్మిదిన్నర దాటాక మొదటిసారి దేవుణ్ణి తెలుసుకుందా?

జరిగింది చెప్తాను. విదేశాల నుంచి మిషనరీ గారు వస్తున్నారు, 6 గంటలకు మీటింగ్ అన్నారు. నాలుగింటికే పిల్లలకు స్నానాలు చేయించి, తలదువ్వి, దండలు చేతికిచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టారు. కారు వచ్చేసరికి 9 అయింది. ఇద్దరు పిల్లలు మెట్ల మీదే నిద్రపోతే లేపి పాట పాడించారు. మిరపకోతల నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ళు అన్నం తినకుండా చాపల మీద కూర్చున్నారు. మిరపకాయ కోసిన చేతులు ఎన్నిసార్లు కడిగినా రాత్రంతా మండుతూనే ఉంటాయి. ఆ మండే చేతులనే ఎత్తమన్నారు.

బోధ అయిపోయాక ఆయన అడిగిన మాట: "ఈ రాత్రి మొదటిసారి యేసును అంగీకరించేవాళ్ళు చేతులెత్తండి." పక్కనున్న తర్జుమా బ్రదర్ మాకు చెప్పిన మాట: "ప్రభువును ప్రేమించేవాళ్ళందరూ చేతులెత్తండి." నేను వెనక గోడకానుకుని రెండు మాటలూ విన్నాను. ప్రభువును ప్రేమించేవాళ్ళు చెయ్యెత్తండంటే ఎత్తనిదెవరు? గుడి గుడంతా ఎత్తింది. వాళ్ళతో వచ్చినతను ఫోన్ పట్టుకుని వరస వరసా తీసుకుంటూ పోయాడు. అప్పుడే లేచి అడగాల్సింది. గుడిలో గొడవెందుకని ఊరుకున్నాను. తప్పు నాది కూడా.

ఆ వీడియోలో మైకు సెట్టు కుర్రాడు కూడా ఉన్నాడు. వాళ్ళింట్లో ఏటా అయ్యప్ప మాల వేసుకుంటారు. తలమీద వేలాడుతున్న వైరు పక్కకు నెట్టడానికి చెయ్యెత్తాడు. 140 మందిలో వాడూ ఒకడయ్యాడు. "అన్నా, మా నాన్న చూశాడు, నన్ను ఇంట్లోకి రానీయట్లేదు" అని ఏడిటికి ఫోన్. వాడికి నేనేం చెప్పాలి? దొర గారు ఈపాటికి విమానంలో ఉంటారు. రేపు ఎవరైనా ఈ వీడియో పట్టుకుని "మీ గుడిలో రాత్రికి రాత్రి మతం మారుస్తున్నారంట" అని వస్తే బయటికొచ్చి నిలబడాల్సింది మా పాస్టరు అయ్యగారు, మా నానమ్మ, నేను. టూరిస్టు వీసా మీద వచ్చి బోధ చేయకూడదు, దానికి వేరే మిషనరీ వీసా ఉంటుంది. ఈయనది ఏ వీసానో కూడా మాకెవరికీ తెలియదు.

సువార్త అందని పల్లె అన్నారే, మాది ఒంగోలు చుట్టుపక్కల ఊరు! 1854 జనవరి 1న అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర ఒంగోలు ప్రార్థన కొండ మీద మోకరించినప్పుడు ఆయన పక్కన తెలుగు మనుషులున్నారు. 1867లో అదే మిషన్ క్లౌ దొర తాళ్ళకొండపాడు వచ్చేసరికి మన తెలుగు విశ్వాసి ఎర్రగుంట్ల పేరయ్య గారు ముందే ఊళ్ళు తిరిగి, తన వాళ్ళకు చెప్పి, వాళ్ళను సిద్ధం చేసి ఉంచారు. దొర వచ్చాక 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకు కూలి ఇప్పించారు. జనం గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇవ్వమన్నా, తిండికోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా ఆపేశారు. కరువు సాయం ముగిశాకే ఇచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది. ఆరోజు నీళ్ళలో దిగి ముంచింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మారుతూ. దొర ఒడ్డున ఉన్నారు. ఆయన అంతకాలం ఆగారు, నిన్న వచ్చిన ఈయన 40 నిమిషాలు ఆగలేకపోయారు.

ఆ ఆరుగురి పేర్లు మీలో ఎంతమందికి తెలుసు? క్లౌ దొర పేరు ఒంగోల్లో చిన్నపిల్లాడైనా చెప్తాడు. నా కడుపుమంట అసలు ఇక్కడిది. మా నానమ్మ వాళ్ళమ్మ బైబిలు స్త్రీ. చంకలో సంచి, కాళ్ళకు చెప్పుల్లేవు, పొలాల గట్ల మీద నడిచి ఊరూరా వెళ్ళి చదువురాని ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాక్యం చెప్పేది. పురుడు పోసేది. పిల్లలకు అ ఆలు దిద్దించేది. పాత మిషన్ రిపోర్టు ఒకటి మా బాబాయి కొడుక్కి దొరికితే అందులో ఆమె ఫోటో ఉంది. పక్కనున్న దొరసాని గారికి ఇంటిపేరుతో సహా రాశారు. మా ముసలమ్మ కింద "స్థానిక సేవకురాలు" అని ఉంది. అంతే. ఆ ఫోటో చూసిన రోజు నానమ్మ వేలితో వాళ్ళమ్మ మొహాన్ని తడుముతూ "పేరు రాయలేదా నాయనా" అంది. ఆ తల్లి కూతురే ఇప్పుడు వీడియోలో 140 మందిలో ఒకతి. ఈమెకూ పేరు లేదు. పైగా ఆమె 60 ఏళ్ళ విశ్వాసాన్ని కూడా తీసేసుకున్నారు.

ఇందాక అయ్యగారికి ఫోన్ చేశాను. ఆయన పాపం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "గుడికి రేకులు వేయిస్తామన్నారు నాయనా, ఇప్పుడు దీన్ని గెలకమాక" అన్నారు. ఆడవాళ్ళు కూర్చునే వైపు వానకు కారుతుంది, నాకు తెలుసు. పోయినేడు క్రిస్మస్ ముందు బొక్కెన పెట్టుకుని ఆరాధన చేశాం.

అయ్యగారూ, మీరిది చదువుతారని రాస్తున్నాను. నా వంతు 5,000 ఈ ఆదివారం తెచ్చి మీ చేతిలో పెడతాను. కోతల డబ్బులు రాగానే మిగతావాళ్ళూ ఇస్తారు, నేనే ఇంటింటికీ తిరిగి అడుగుతాను. మన రేకులు మనం వేసుకుందాం. ఆ వీడియో మాత్రం ఈ సాయంత్రంలోగా తీయించండి. ముందు ఆ మైకు కుర్రాడి కోసం తీయించండి.