కొల్లేటి లంకలో రెండు రోజులు, ఒక నీళ్ల టిన్ను

పోయిన నెలలో ఒక శనాదివారాలు కొల్లేటి మధ్యలో ఉన్న ఒక లంక ఊళ్లో ఉండి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఫొటోలు ఎప్పుడు పెడతావని అందరూ అడుగుతున్నారు. పెట్టబుద్ధి కావడం లేదు. ఎందుకో చెప్పాలంటే చాలా రాయాలి, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మొదట నేను చూసింది ఒక టూర్ ప్రకటన. చెరువు గట్టు మీద కాటేజీ, పడవ షికారు, కట్టెల పొయ్యి మీద చేపల పులుసు, రాత్రి మంట చుట్టూ పాటలు, పైన పెద్ద అక్షరాలతో "ఒక్క వీకెండ్‌లో అసలైన పల్లె జీవితం" అని. బాగుందనిపించి ఆఫీసులో నా పక్కన కూర్చునే అమ్మాయికి చూపించాను. తను కాసేపు చూసి, "మా పెద్దమ్మ వాళ్లది కొల్లేటి లంకే కదా, డబ్బులు కట్టి ఎక్కడికో పోవడం ఎందుకు, మా ఇంటికే రా" అంది. అలా శుక్రవారం రాత్రి నర్సాపురం రైలెక్కి తెల్లారేసరికి కైకలూరులో దిగాం. ఊరి పేరు, వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. వాళ్లు నన్ను ఇంట్లో పిల్లలా చూసుకున్నారు, వాళ్ల గుమ్మం ముందుకు కెమెరాలు పట్టుకుని జనం రావడం నాకు ఇష్టం లేదు.

స్టేషన్ నుంచి ముందు ఆటపాక వెళ్లాం, పక్షుల కేంద్రం దగ్గరే కాబట్టి. చలికాలం పొద్దున్నే అక్కడ నిలబడితే ఎవరికైనా మాట పడిపోతుంది. చెట్ల మీద, వాటి కోసం నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద వందల కొద్దీ గూడబాతులు, అంటే మనం పెలికాన్లు అనేవి, గూళ్లు పెట్టుకుని, పిల్లలకు గొంతు సంచిలోంచి చేప తినిపిస్తూ ఉంటాయి. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని పక్కన ఒకాయన పిల్లలకు చెబుతున్నాడు. పేపర్లలో కూడా అలాగే రాస్తుంటారు, కానీ ఇక్కడ గూళ్లు పెట్టే మచ్చల ముక్కు గూడబాతు మన దేశపు పక్షే. ఇక్కడే గుడ్డు పెట్టి, ఇక్కడే పిల్లల్ని పెంచుతుంది. ఉత్తరం నుంచి వలస వచ్చే బాతులు, ఉల్లంకులు వేరే ఉన్నాయి. మన పక్షిని మనమే విదేశీ చుట్టంగా చెప్పుకోవడం నాకు బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే చుట్టం ఎలాగూ వెళ్లిపోతుంది కదా అనుకుంటాం, దాని ఇల్లు పాడైపోతోందన్న కంగారు మనకు ఉండదు.

మేం పడవలో ఉండగానే ఎవరో కుర్రాళ్లు డ్రోన్ ఎగరేశారు. ఒక్కసారిగా ఒక చెట్టు మీది పక్షులన్నీ లేచాయి. పడవ నడిపే ఆయనకు కోపం వచ్చి గట్టిగా కేకేశాడు, "అవి లేస్తే గుడ్లు కాకులు పట్టుకుపోతాయండీ, దించండి దాన్ని" అని. దించారు గానీ, అప్పటికే వాళ్లకు కావలసిన షాట్ వచ్చేసి ఉంటుంది. అది అభయారణ్యం, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. ఈ పోస్ట్ చదివేవాళ్లలో ఎవరైనా అలా చేసి ఉంటే దయచేసి ఇంకోసారి చేయకండి.

అక్కడి నుంచి ఆటోలో గట్టు రోడ్డు మీద ఊరికి. నేను ఊహించుకున్న సరస్సు, అంటే కళ్లు ఆనినంత మేర నీళ్లు, నాకు కనపడలేదు. ఒక పక్క చేపల చెరువులు, ఇంకో పక్క కిక్కిస, గుర్రపుడెక్క, మధ్యమధ్యలో కాలువ. "కొల్లేరు ఎక్కడ పెదనాన్నా?" అని సాయంత్రం అడిగితే ఆయన "నువ్వు కూర్చున్నదే కొల్లేరమ్మా" అన్నారు. ఆ తర్వాత అరుగు మీద పుల్లతో గీసి కాంటూర్లు చెప్పారు. సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు దాకా నీళ్లు నిలిస్తే ఎంత మేర మునుగుతుందో అదీ లెక్క. అయిదో కాంటూరు దాకా అయితే 308 చదరపు కిలోమీటర్లు, పదో కాంటూరు దాకా నిండితే 901. కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ గిన్నెలోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు వచ్చి పడతాయి, బయటకు పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. చదువు పెద్దగా లేదని చెప్పుకునే ఆ పెద్దాయన నోట్లో అయిదో కాంటూరు, జిరాయితీ (సొంత పట్టా భూమి), డి-ఫారం పట్టా (ప్రభుత్వం ఇచ్చిన భూమి), సుప్రీంకోర్టు అనే మాటలు మన నోట్లో ఈఎమ్ఐ అనే మాట తిరిగినంత తేలిగ్గా తిరుగుతుంటాయి. ఆ మాటలే వాళ్ల బతుకును ఎటు తిప్పితే అటు తిరిగింది మరి.

ఆయన చెప్పిందాన్ని కుదించి రాస్తాను. ఒకప్పుడు వానాకాలం చేపలు పట్టుకునేవాళ్లు, నీళ్లు తీసిన చోట వేసవిలో వరి వేసుకునేవాళ్లు. 1976లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వుకోమంది. అక్కడి నుంచి డబ్బున్నవాళ్లు దిగారు, లీజులు మొదలయ్యాయి, పేరు సొసైటీది, లాభం బయటివాళ్లది. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు పేల్చేశారు, పొక్లెయిన్లు దించారు. సరస్సును కాపాడాలంటే అక్రమ చెరువులు తీయాల్సిందే, నేను ఆ మాటే అంటాను. ఆయన కూడా తీయొద్దని అనలేదు. "పెద్ద చెరువులోళ్లు మళ్లీ తవ్వుకున్నారు, కూలికి పోయినోళ్లు కూలికే పోయారు" అన్నారు, అంతే. ఇప్పుడు అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించాలనే డిమాండ్ ఒకవైపు, ఆక్రమణలు తొలగించాలనే కోర్టు మాట ఇంకోవైపు. తగ్గిస్తే సరస్సుకు నష్టమని నా అభిప్రాయం. కానీ హైదరాబాద్‌లో కూర్చుని ఆ మాట అనేటప్పుడు, వాళ్ల భూమికి పరిహారం ఇచ్చారా, పని చూపించారా అని కూడా మనం అడగాలి. పక్షి గురించి మాట్లాడేవాళ్లు మనిషి గురించి, మనిషి గురించి మాట్లాడేవాళ్లు పక్షి గురించి మాట్లాడకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సరే, ఇప్పుడు అసలు సంగతి.

శనివారం మేం వెళ్లగానే పెద్దమ్మ వేడినీళ్లు తోడి పెట్టింది. రాత్రంతా రైలు, పొద్దున పడవ, హాయిగా స్నానం చేశాం, తలంటు కూడా పోసుకున్నాం ఇద్దరం. సాయంత్రం మళ్లీ చేశాం. ఆదివారం పొద్దున లేచి పెరట్లోకి వెళ్లేసరికి పెద్దమ్మ కాలువ దగ్గర్నుంచి తెచ్చిన పచ్చటి నీళ్లను బకెట్లో తేర్చుకుంటోంది, తన స్నానానికి. నాకు అర్థం కాలేదు. "బోరు ఉంది కదా పెద్దమ్మా?" అంటే "ఉప్పమ్మా అది, జుట్టు జిగురైపోద్ది, దురద" అంది. మరి మాకు ఇచ్చినవి? మాకు ఇచ్చినవి టిన్ను నీళ్లు. 20 లీటర్ల టిన్నులు, ఆటోలో వస్తాయి, తాగడానికి, అన్నం వండడానికి కొనుక్కునేవి. ఇంటి మొత్తానికి రోజుకు ఒకటి, ఎండాకాలం రెండు. మేం ఇద్దరం ఒక్కరోజులో తల మీద పోసుకున్నది ఆ ఇంటి రెండు రోజుల మంచినీళ్లు.

అక్కడే అరుగు మీద కూలబడ్డాను. మా అమ్మమ్మది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మా అమ్మమ్మ నడుము, మోకాళ్లు చూస్తూ పెరిగాను. మా ఇంట్లో కూడా ఇంతే. చుట్టాలొస్తే బోరింగు నీళ్లు పక్కనపెట్టి, దూరం నుంచి బిందెలతో తెచ్చుకున్న మంచినీళ్లు ముందు వాళ్లకే ఇచ్చేవాళ్లం. వచ్చినవాళ్లు ఆ నీళ్లతో కాళ్లు కడుక్కుంటుంటే చిన్నదాన్నయిన నాకు ఏడుపొచ్చేది. ఆ ఇంట్లో పుట్టి, నల్లా నీళ్లు వచ్చి కొన్నేళ్లయ్యేసరికి, ఇంకొకరి ఇంట్లో నేను అదే చుట్టాన్ని అయ్యాను. బొమ్మల్లాంటి పల్లెటూళ్లంటూ ఎవరైనా మాట్లాడితే ఇకమీదట ఊరుకోలేను.

మా ఊళ్లో అయితే నేల కిందే విషం. కొల్లేటి సంగతి వేరు, ఇక్కడి నీళ్లను పైనున్న మనం పాడుచేశాం. బుడమేరు విజయవాడ మురుగును మోసుకొస్తుంది, తమ్మిలేరు ఏలూరు మీదుగా వస్తుంది, డెల్టా పొలాల్లో కొట్టిన పురుగుమందులన్నీ డ్రెయిన్లలో దిగుతాయి, ఫ్యాక్టరీల నీళ్లూ ఇటే. చేపల చెరువుల్లో మేత, మందులు, కొన్నిచోట్ల కోడి వ్యర్థాలు కూడా వేస్తారు, ఆ నీళ్లు తోడి మళ్లీ కాలువలోకే వదులుతారు. వేసవిలో కొల్లేటి మట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పునీరు ఎగదన్నుతుంది. సరస్సు లోపల 46 బెడ్ గ్రామాలు, చుట్టూ ఒడ్డున 76 బెల్ట్ గ్రామాలు అంటారు. ఇన్ని ఊళ్లు నీళ్ల మధ్య ఉండి, టిన్నుల ఆటో హారన్ కోసం చెవులు రిక్కించుకుని ఉంటాయి. ఒకప్పుడు దోనెలో పోతూ దాహం వేస్తే కొల్లేట్లో దోసిలి ముంచి తాగేవాళ్లమని పెదనాన్న అన్నారు. ఆయన చిన్నతనం అంటే మరీ పాతకాలమేం కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మనమందరం టీవీల ముందు కూర్చున్నాం, చందాలు పంపాం, మంచిదే. ఆ నీళ్లు అక్కడి నుంచి ఎక్కడికి పోయాయని నేను మాత్రం ఆలోచించలేదు. ఇక్కడికి వచ్చాయి. ఏలూరు-కైకలూరు రోడ్డు మునిగింది, గుర్రపుడెక్క వంతెనల దగ్గర అడ్డుపడి నీరు కదల్లేదు, లంక ఊళ్లలో ఇళ్ల చుట్టూ రోజుల తరబడి నిలబడిపోయింది. పెద్దమ్మ గోడ మీద గీత చూపించింది, నా నడుము దాకా ఉంది. "అప్పుడు టిన్నులు?" అని అడిగాను. "పడవ మీద వచ్చేవి, వచ్చినప్పుడు" అంది.

ఆ రెండు రోజుల్లో ఆనందం లేదా అంటే ఉంది, దాన్ని దాచను. సాయంత్రం బాబాయ్ దోనెలో తీసుకెళ్లి కిక్కిస పక్కన మావులు, అంటే చేపలు పడే బుట్టలు, పెట్టాడు. గెడ నీళ్లలో దిగే చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. తెల్లారుజామున మంచులో వెళ్లి ఆ మావులు ఎత్తాం. పది మావుల్లో రెండు మట్టగిడిసలు, ఒక చిన్న కొర్రమీను, మిగిలినవన్నీ చైనా గొరకలు, అంటే తిలాపియాలు. ఇంగిలాయి అనే నాటు చేప దొరికి ఎన్నాళ్లయిందో అన్నాడు బాబాయ్. మట్టగిడిసల్ని పెద్దమ్మ బూడిద రాసి జిగురు పోయేదాకా బండ మీద రుద్ది, చింతపండు, పచ్చిమిర్చి వేసి చేసిన పులుసు రుచి చెప్పడానికి నాకు మాటలు చాలవు. మట్టి వాసన లేదు, చెరువు శీలావతి తిని పెరిగిన నాలాంటివాళ్లకు చేప ఇంత తియ్యగా ఉంటుందని తెలియదు. ఆదివారం కొల్లేటికోట వెళ్లి పెద్దింట్లమ్మకు దణ్ణం పెట్టుకున్నాం. ఫాల్గుణంలో జాతరకు రమ్మన్నారు.

కానీ దీన్ని జీవితం రుచి చూడటం అనకండి. నేను చూసింది వాళ్ల ఆతిథ్యం. ఇంటికి వచ్చిన పిల్లలకు ఉన్నంతలో మంచిది పెట్టడం వాళ్ల మర్యాద. జీవితం అంటే బకెట్లో తేరుతున్న ఆ నీళ్లు, గోడ మీద ఆ గీత, వరదొచ్చినా రాకపోయినా మావులు పెట్టి ఎదురుచూడటం. దాన్ని ప్యాకేజీలో అమ్మేవాడు ముందుగా ఆ భాగాన్నే తీసేసి అమ్ముతాడు. ఇక ఆ రీళ్ల కింద "వీళ్లెంత అదృష్టవంతులో, మనమే సిటీలో నరకం పడుతున్నాం" అని కామెంట్లు పెట్టేవాళ్లు, అన్నా, అక్కా, ఒక్క వారం ఆ బోరు నీళ్లతో తలస్నానం చేసి తర్వాత రాయండి.

వెళ్లొద్దని నేను అనను, వెళ్లాలనే అంటాను. మనిషి వెళితేనే ఆ మనుషులు గుర్తుంటారు. కాకపోతే మీ నీళ్లు మీరు పట్టుకెళ్లండి, కైకలూరులోనో ఏలూరులోనో రెండు టిన్నులు కొని ఆటోలో వేసుకోండి, ఒకటి ఆ ఇంటికి ఇవ్వండి. పడవ ఎక్కితే అడిగినంత ఇవ్వండి, బేరం ఆడకండి. ఆడవాళ్లు ఎండబెట్టి అమ్ముకునే చేపలు ఇంటికి కొనుక్కురండి. ఇక టూరిజం పేరుతో కాటేజీలు కడతామనే ఏ ప్రభుత్వమైనా సరే, ఆ కాటేజీ బాత్రూముకు పైపు వేసే ముందు పక్కన ఉన్న లంకకు మంచినీళ్ల పైపు వేయాలి. ఇదొక్కటే నా డిమాండ్, దీని మీద ఎవరితోనైనా ఎంతసేపైనా వాదిస్తాను.

బయల్దేరేటప్పుడు పెద్దమ్మ మా ఇద్దరి సీసాల్లో టిన్ను వంచి నీళ్లు నింపింది, వద్దన్నా వినలేదు, "రైల్లో దొరుకుతాయో లేదో" అంటూ. దొరుకుతాయని నాకు తెలుసు, తనకీ తెలుసు.

నిన్న రాత్రి మా ఫ్రెండ్ ఫోన్ చేసింది. టిన్నుల ఆటో పాడై మూడు రోజులు ఊళ్లోకి రాలేదట. బోరు నీళ్లే కాచి తాగుతున్నారట.