ఇన్‌హేలర్ ‘అలవాటైపోతుంది’ అన్న మెసేజ్‌కి జవాబు

గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్లే దారిలో మాది మందుల షాపు. ఈ నెలలో ఒకే వాట్సాప్ మెసేజ్‌ని నలుగురు తెచ్చి చూపించారు. ‘ఇన్‌హేలర్ ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, పిల్లలు ఎదగరు. మాత్రలు, సిరప్‌లే మంచివి. రక్తపరీక్ష చేయించి, పడని తిండి మానేస్తే ఉబ్బసం సమూలంగా పోతుంది.’ ఇదీ అందులో ఉన్నది. ఆ నలుగురిలో ఒకామె తన తొమ్మిదేళ్ల బాబుకి ఇన్‌హేలర్ మాన్పించేసింది. పదకొండో రోజు అర్ధరాత్రి వాడిని ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

‘జీవితాంతం వదలదు.’ ఇన్‌హేలర్ ఆపితే ఆయాసం మళ్లీ వస్తుంది, నిజమే. మందుకి బానిసై కాదు, జబ్బు ఇంకా లోపలే ఉంది కాబట్టి. ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరి గొట్టాల లోపలి పొర ఆయాసం లేని రోజున కూడా కొంత వాచే ఉంటుంది. దాని మీద దుమ్మో, చలిగాలో, వయ్యారిభామ పుప్పొడో, మిర్చి ఘాటో తగిలిందంటే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, లోపల కఫం పేరుకుంటుంది. ఆ వాపును తగ్గించేది రోజూ వాడే ఇన్‌హేలర్. సుమారు మూడు నెలలు జబ్బు బాగా అదుపులో ఉంటే డోసు తగ్గించే సంగతి డాక్టర్లే ఆలోచిస్తారు.

నిజంగా భయపడాల్సింది ఒకటుంది. మెసేజ్‌లో దాని ఊసే లేదు. అది ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే ఆస్తాలిన్ ఇన్‌హేలర్ ఒక్కటే పెట్టుకుని నెట్టుకురావడం. అందులో ఉండే సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని నాలుగైదు గంటలు వదులు చేస్తుంది, అంతే. వాపు జోలికి పోదు. ఊపిరి ఆడింది కదా అని మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్లడు. పన్నెండేళ్లు దాటినవాళ్లకి ఈ మందు ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు (గినా) 2019లోనే చెప్పాయి. 200 పఫ్‌ల (ఒక్కసారి నొక్కితే ఒక పఫ్) ఆస్తాలిన్ డబ్బాలు ఏడాదికి మూడు, ఆపైన ఖర్చవుతుంటే ఎటాక్ ముప్పు పెరుగుతుంది. పన్నెండు, ఆపైన అయితే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది.

యార్డులో బస్తాలు మోసే ఒకాయన మా దగ్గరే కొంటాడు. ఒకరోజు బిల్లులు తిరగేసి చూస్తే ఏడాదిలో ఎనిమిది డబ్బాలు తేలాయి. ‘బాగానే ఉన్నా గదన్నా, కొట్టుకుంటే తగ్గిపోతంది’ అన్నాడు. రెండు పూటల కూలి పోయినా సరేనని బతిమాలి ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పంపాను. ఇప్పుడు వాపు తగ్గించే బుడెసొనైడ్, కండరాన్ని వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ వాడుతున్నాడు. మిర్చి సీజన్లో కూడా రాత్రి పడుకోగలుగుతున్నానని మొన్న చెప్పి వెళ్లాడు.

‘స్టెరాయిడ్ ఉంటుంది, పిల్లలు ఎదగరు.’ స్టెరాయిడ్ ఉంటుంది, దాచాల్సిన పని లేదు. ఎంత అన్నది చూడాలి. ఇన్‌హేలర్లో ఉండే స్టెరాయిడ్ బుడెసొనైడ్ ఒక పఫ్‌లో సాధారణంగా 100 నుంచి 200 మైక్రోగ్రాములు ఉంటుంది (వెయ్యి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము). ఎటాక్ ముదిరి ఆస్పత్రిలో చేరిన పెద్దవాళ్లకి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకి సాధారణంగా 40 నుంచి 50 మిల్లీగ్రాములు ఇస్తారు. రెండూ వేర్వేరు మందులు, అంకెకి అంకె సరిపోల్చకూడదు. కానీ ఒకటి నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పోతుంది, రెండోది ఒళ్లంతా తిరుగుతుంది. రోజూ ఇన్‌హేలర్ వాడిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తే ఎత్తులో తేడా సుమారు ఒక సెంటీమీటరు తేలింది. అదుపులో లేని ఉబ్బసం కూడా ఎదుగుదలని దెబ్బతీస్తుంది. అసలు ఇబ్బంది నోట్లో తెల్లగా ఫంగస్ పూత రావడం, గొంతు బొంగురుపోవడం. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించుకునే ప్లాస్టిక్ గొట్టం) పీల్చి, నోరు పుక్కిలించి ఉమ్మేస్తే అవి చాలావరకు రావు.

‘మాత్రలు, సిరప్‌లే మంచివి.’ ఇది పూర్తిగా తలకిందులు మాట. సాల్బుటమాల్ ఒక పఫ్ 100 మైక్రోగ్రాములు. 4 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి మింగితే 40 పఫ్‌లంత మందు కడుపులోకి పోయినట్టు. అందుకే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పైగా పనిచేయడం మొదలయ్యేది ఆలస్యంగా. ఇక పేరూ ఊరూ లేని ఉబ్బసం పొడుల సంగతి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపినట్టు ల్యాబ్ పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. ఇన్‌హేలర్లో మైక్రోగ్రాములకి జడిసి, లెక్కే లేని స్టెరాయిడ్‌ని చెంచాలతో మింగుతున్నారన్నమాట. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మృగశిర కార్తెకి చేప ప్రసాదం కోసం హైదరాబాద్ వెళ్లేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. వాళ్ల నమ్మకాన్ని నేను కించపరచను. దానితో ఉబ్బసం తగ్గుతుందని మాత్రం శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్లండి, కానీ ఇన్‌హేలర్ మానకండి. ఆ జనంలోకి వెళ్లేటప్పుడు జేబులో ఉండాల్సింది అదే.

‘రక్తపరీక్ష చేయించి తిండి మానేయండి.’ వందల తిండి పదార్థాల పట్టీతో వచ్చే ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) పరీక్ష ఎలర్జీని చెప్పదు. ఆ తిండి మీరు తింటున్నారని మాత్రమే చెబుతుంది. మొదట చెప్పిన తొమ్మిదేళ్ల బాబుకి అలాగే పాలు, గుడ్డు, గోధుమ మాన్పించారు. బాబు చిక్కిపోయాడు గానీ పిల్లికూతలు పోలేదు. ఎలర్జీకి చూసేది ఐజీఈ అనే వేరే యాంటీబాడీ రక్తపరీక్ష, లేదా ముంజేతి మీద చుక్కలు పెట్టి సూదితో గుచ్చి పావుగంట ఆగి చూసే చర్మ పరీక్ష. అందులో పాజిటివ్ వచ్చినా, అది తిన్నప్పుడు నిజంగా ఏమైందో డాక్టర్ అడిగి తేల్చుకోవాలి. ఉబ్బసాన్ని తేల్చేది స్పైరోమెట్రీ: ఊదించి, మందు పీల్పించి, మళ్లీ ఊదిస్తారు. పెద్దవాళ్లలో మొదటి సెకనులో వదిలే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటి పెరిగితే అది ఉబ్బసానికి గట్టి ఆధారం.

నిన్న బాబుని తీసుకుని ఆమె షాపుకొచ్చింది. ‘నువ్వు కొట్టి చూపించు నాన్నా’ అన్నాను. డబ్బా ఊపలేదు, నోట్లో కొట్టుకుని వెంటనే ముక్కుతో పీల్చాడు. మందంతా నాలుక మీదే. స్పేసర్ తగిలించి, ఊపి, ఒక్క పఫ్ కొట్టి, నోటితోనే నెమ్మదిగా ఐదారు సార్లు పీల్చి వదలమన్నాను. మూడోసారికి కుదిరింది. ఆమెకి ఒక చీటీ రాసిచ్చాను: మాట పూర్తి చేయలేకపోయినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయాలి, దారి పొడుగునా స్పేసర్‌తో ఆస్తాలిన్ ఇస్తూనే ఉండాలి. చీటీని ఫ్రిజ్ తలుపుకి అంటిస్తానంది.